బుడగలు ఊదడానికా ఫీజు అంటున్నారు: తిరుపతిలో చిన్నపిల్లల స్పెషల్ టీచర్‌గా ఉండాలా, డీఎస్సీకి వెళ్లిపోవాలా?

సబ్బుబుడగ
స్పెషల్ డీఎడ్ (ప్రత్యేక అవసరాల పిల్లలకి చెప్పే టీచర్ల కోర్సు) చేసి మూడేళ్లయింది. తిరుపతిలో ఒక థెరపీ సెంటర్‌లో చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా రెండున్నర నుంచి ఐదేళ్ల లోపు పిలకాయలే. జీతం పద్నాలుగు వేలు. దాని సంగతి తర్వాత, ముందు ఈరోజు జరిగింది చెప్తాను.

నాలుగేళ్ల బాబు ఒకడున్నాడు. ఆటిజం. మాటలు లేవు. ఏం కావాలన్నా మన చెయ్యి పట్టుకొని లాక్కెళ్లి ఆ వస్తువు మీద పెట్టేస్తాడు. ముఖం వైపు మాత్రం చూడడు. వాడితో నెలన్నరగా నేను ముఖ్యంగా చేస్తున్నది సబ్బు బుడగలు ఊదడం. మూడుసార్లు ఊదుతాను. నాలుగోసారి ఊదే పుల్ల నోటి దగ్గర పెట్టుకొని ఆగిపోతాను. మనసులో పది లెక్కపెట్టుకుంటాను. మొదట్లో నా చెయ్యి గుంజేవాడు, ఏడ్చేవాడు, విసుగొచ్చి గోడ పక్కకు పోయి తిరిగేవాడు. మొన్న సోమవారం నేను ఆగగానే తలెత్తి నా కళ్లల్లోకి చూశాడు. పెదాలు రెండూ దగ్గరికి తెచ్చి "బ్" అన్నాడు. నా ఒళ్లు జలదరించింది.

ఈరోజు వాళ్ల అమ్మ, నాన్న, నాయనమ్మ ముగ్గురూ వచ్చారు. "రోజూ అద్దంలోంచి చూస్తున్నాం మేడమ్. నలభై ఐదు నిమిషాలూ బుడగలే. బుడగలు ఊదడానికా ఇంత ఫీజు? జూన్‌లో ఎల్‌కేజీలో వేయాలి. ఏబీసీడీలు ఎప్పుడు మొదలుపెడతారు?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా సెంటర్ మేడమ్ "రేపట్నుంచి స్లేటు పట్టిస్తుందిలెండి" అనేశారు.

ఇంటికొచ్చి ఏడ్చాను. వాళ్లకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. అసలు ఈ పనిలోనే ఉండాలా, డీఎస్సీకి చదువుకొని స్కూలుకి వెళ్లిపోవాలా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి.

నగరి_పిల్ల
"బ్" అన్నాడా! చదువుతుంటే నాకే కళ్లు తడయ్యాయి అక్కా.

కుప్పం_మాస్టారు
ముప్పై ఏళ్లు ఒకటో తరగతి చెప్పినవాడిగా ఒక మాట. తల్లిదండ్రులు అడిగినదాంట్లో తప్పేముందమ్మా? బుడగలు ఊదు, స్లేటూ పట్టించు. రెండూ చేయొచ్చు. కొంతమంది పిల్లలకి అక్షరాలంటే ఇష్టం కూడా ఉంటుంది.

సబ్బుబుడగ
@కుప్పం_మాస్టారు సార్, అక్షరాలంటే నాకు కోపం లేదు. వీడి చెయ్యి ఇంకా సిద్ధంగా లేదు. మామూలుగా ఎదిగే పిల్లలకే చూసి గుండ్రం గీయడం మూడేళ్లకు వస్తుంది, కూడిక గుర్తు నాలుగుకి, చదరం నాలుగున్నర అటూఇటూ, త్రిభుజం ఐదుకి. ఏటవాలు గీత రాకుండా ఇంగ్లిష్ "ఏ" అక్షరం ఎలా వస్తుంది? వీడు బలపం పిడికిట్లో పట్టుకొని కొరుకుతాడు. నేను వాడి చెయ్యి పట్టి దిద్దిస్తే స్లేటు మీద "ఏ" కనిపిస్తుంది గానీ అది రాసింది నేను. వాళ్లమ్మ ఫోటో తీసుకొని సంతోషపడుతుంది. వాడికి దక్కేది ఏంటి సార్?

కుప్పం_మాస్టారు
చెయ్యి పట్టి దిద్దించడం మా కాలంలో అందరం చేశాం. అయినా నువ్వు చెప్పింది ఆలోచించదగ్గదే.

చిన్నోడి_నాన్న
మాస్టారుగారి మాటకి నా సొంత అనుభవం చెప్తాను. మావాడికి ఇప్పుడు ఏడేళ్లు. మూడేళ్లకే ఏ నుంచి జడ్ దాకా, వెనక నుంచి ముందుకి కూడా చెప్పేవాడు. బస్సుల మీద బోర్డులు చదివేవాడు. తిరుచానూరు, రేణిగుంట, చంద్రగిరి. చుట్టాలొస్తే వాడి చేత చదివించి మురిసిపోయేవాళ్లం. ఇంత తెలివైనోడికి ఆటిజం ఏంటి అని డాక్టర్ మీదే కోప్పడ్డాను.

నాలుగో ఏట ఒక రాత్రి చెవి మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు. మొండితనం అనుకున్నాం. చేతులు పట్టుకున్నాం, గదిమాం. మూడు రోజులు. మూడో రోజు పొద్దున దిండు మీద పసుపు మరక చూసింది మా ఆవిడ. చెవిలో చీము. ఆ మూడు రోజులూ వాడు ఏబీసీడీలు చెప్తూనే ఉన్నాడు. "నొప్పి" అన్న ఒక్క మాట చెప్పలేకపోయాడు. కనీసం చెవి చూపించి నా వైపు చూడటం కూడా రాలేదు వాడికి.

అమ్మా సబ్బుబుడగా, ఆ తల్లిదండ్రులకి ఈ సంగతి చెప్పు. నా పేరు లేకుండా చెప్పు, పర్లేదు.

సబ్బుబుడగ
ఏం రాయాలో తెలియడం లేదు అన్నా. చెప్తాను.

పలమనేరు_అమ్మ
అందరూ తల్లిదండ్రులకి అర్థం కాదు అన్నట్టు రాస్తున్నారు. నేనూ తల్లినే. మాకు ఏబీసీడీల పిచ్చి ఎందుకో ఎవరైనా అడిగారా?

మా పాపని ఎల్‌కేజీకి ఒక స్కూలుకి తీసుకెళ్లాం. ఊరి పేరు, స్కూలు పేరు వద్దు. ఆఫీసు గదిలో ఒక మేడమ్ పాప ముందు యాపిల్ బొమ్మ పెట్టి "వాట్ ఈజ్ దిస్?" అంది. పాప బొమ్మ తీసి వాసన చూసింది. పెన్సిల్ ఇచ్చింది. పాప పడేసింది. అంతే, రెండు నిమిషాలు. "మా స్టాండర్డ్‌కి కష్టమమ్మా, రాయడం నేర్పించి వచ్చే ఏడాది తీసుకురండి" అంది. బయట చెప్పులు వేసుకుంటుంటే నా వేళ్లు వణికాయి, పట్టీ పెట్టుకోలేకపోయాను. ఆ తర్వాత మరో రెండు స్కూళ్లు ఇదే మాట. అలాంటప్పుడు టీచరమ్మ దగ్గరికొచ్చి ఏబీసీడీ నేర్పించు తల్లీ అని అడగక ఇంకేం అడుగుతాం?

నీ పని మంచిదే చెల్లెమ్మా, కాదనడం లేదు. వాళ్ల భయం కూడా నిజమే.

సబ్బుబుడగ
అక్కా, నిజంగా ఇలా ఆలోచించలేదు. వాళ్లు నా పనిని తక్కువ చేస్తున్నారని మాత్రమే అనుకున్నాను. జూన్ జూన్ అని వాళ్లు నాలుగుసార్లు అన్నారు, అది నా చెవికెక్కలేదు.

ఎస్వీయూ_లా_పాత_విద్యార్థి
@పలమనేరు_అమ్మ మీకు జరిగింది చట్టానికి విరుద్ధం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులున్నవే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థ అయినా వైకల్యం కారణంగా వివక్ష చూపకుండా చేర్చుకునేలా ప్రభుత్వం చూడాలి. ప్రైవేటు అయినా సరే.

అదే చట్టం 31వ సెక్షన్ కింద 40 శాతం, అంతకు పైన వైకల్యం ఉన్న పిల్లలకి ఉచిత విద్య హక్కుగా ఉంది. కానీ అది 6 నుంచి 18 ఏళ్లకి. ఆరేళ్ల లోపు వాళ్ల సంగతే చట్టం గట్టిగా పట్టుకోలేదు. విద్యాహక్కు చట్టమూ 6 నుంచి 14 ఏళ్లకే.

పలమనేరు_అమ్మ
చట్టం ఉంది సార్. పోరాడి చేర్పిస్తే ఆ క్లాసులో నా పాపని ఎవరు ప్రేమగా చూస్తారు అన్నదే నా భయం. ఇప్పుడు ప్రభుత్వ బడిలో ఉంది, ఆ టీచరమ్మ బంగారం.

డీఎస్సీ_రూమ్‌మేట్
డీఎస్సీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న రజనీశ్ కుమార్ పాండే కేసులో ప్రైమరీలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక స్పెషల్ టీచర్, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలంది. 2025 మార్చిలో రాష్ట్రాలన్నీ పోస్టులు మంజూరు చేసి నోటిఫై చేయాలని మళ్లీ ఆదేశించింది. ఆ తర్వాత మన రాష్ట్రంలో 2,260 స్పెషల్ టీచర్ పోస్టులు మంజూరయ్యాయి. అందులో 1,136 ఎస్జీటీ (చిన్న తరగతులకి), 1,124 స్కూల్ అసిస్టెంట్ (పై తరగతులకి). నీ డీఎడ్ ఎస్జీటీకి పనికొస్తుంది. టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష, పాసై ఉండాలి. స్పెషల్ టీచర్లని నమోదు చేసే ఆర్సీఐ (పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్, గడువు దాటనివ్వకు, మా ఫ్రెండ్ ఒకామె అక్కడే ఇరుక్కుంది.

పద్నాలుగు వేలకి ఎన్నాళ్లు చేస్తావు అక్కా? అభిమానం అద్దె కట్టదు. నేనైతే వెళ్లిపోమంటాను.

భవిత_అక్క
ఈ పోస్టులు బళ్లలో పిల్లలకి. రెండున్నర నుంచి ఐదేళ్ల వాళ్లు అందులో రారు. అందుకే ఈ వయసు పిల్లలంతా ప్రైవేటు సెంటర్లకి పోతున్నారు, అక్కడ టీచర్ల బతుకు ఇలా ఉంది. నువ్వు వెళ్లిపోతే నిన్ను తప్పుపట్టను చెల్లీ. పన్నెండేళ్లుగా మండల కేంద్రంలో భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) చూస్తున్నాను. ఏడేళ్లకి, ఎనిమిదేళ్లకి మొదటిసారి వస్తారు నా దగ్గరికి. "మూడేళ్లప్పుడు నీ దగ్గరికి ఎవరైనా పంపి ఉంటే" అని ప్రతి బిడ్డని చూసినప్పుడూ అనుకుంటాను.

తల్లిదండ్రులకి ఎలా చెప్పాలి అన్నావు కదా. చెప్పకు. బుడగల సీసా వాళ్ల చేతికివ్వు.

నేను నేర్చుకోవడానికి నాలుగేళ్లు పట్టింది ఇది. మొదట్లో చార్టులు గీసి వివరించేదాన్ని. తలలూపి వెళ్లి, బయట "ఈమె మాటలు బాగా చెప్తుంది" అనేవాళ్లు. తర్వాత అమ్మని లోపల కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. అద్దం అవతల నుంచి చూస్తే ఎవరికైనా బుడగలే కనిపిస్తాయి. లోపల కింద కూర్చొని, పిల్లాడి ఎత్తుకి తల వంచి, వాళ్లే ఊది, వాళ్లే ఆగి, ఆ పది లెక్క వాళ్లే పెట్టుకుంటే అప్పుడు తెలుస్తుంది ఆ పది అంకెలు ఎంత పొడుగో. మధ్యలో ఊదేయాలనిపిస్తుంది. పాపం అనిపిస్తుంది. ఊదకుండా ఉండటమే కదా మన విద్య.

ఇంకోటి, ఒక నోటు పుస్తకం పెట్టు. పెద్ద రిపోర్టులు వద్దు. తేదీ, ఎన్నిసార్లు ఆగావు, ఎన్నిసార్లు చూశాడు. అంతే. మొదటి వారం ఇరవైలో సున్నా, ఆరో వారం ఇరవైలో మూడు. నాన్నలకి అంకెలు చూపిస్తే బాగా పడుతుంది. వాళ్లు స్కూటర్ మైలేజీ కూడా రాసుకునే మనుషులు.

మీ సెంటర్ మేడమ్ స్లేటు అన్నది కాబట్టి స్లేటూ ఇవ్వు. బలపం వద్దు. తడిగుడ్డతో స్లేటు మీద పైనుంచి కిందకి ఒక్క గీత. ఆరిపోతుంటే చూడటం పిల్లలకి భలే ఇష్టం. గీతకి గీతా అయింది, వేళ్లకి పనీ అయింది. ఇంట్లో రాగి సంగటి చేసినప్పుడు వేడి తగ్గాక చిన్న ముద్ద ఇమ్మను, గిల్లడం, నొక్కడం, ఉండలు చేయడం. బలపం పట్టుకోవడానికి కావలసిన బలం అక్కడే వస్తుంది.

కుప్పం_మాస్టారు
తడిగుడ్డ స్లేటు! ముప్పై ఏళ్లలో నాకు తట్టలేదే. భవిత అక్కకి నమస్కారం.

చిన్నోడి_నాన్న
స్కూటర్ మైలేజీ రాసేవాళ్లలో నేనూ ఉన్నాను. పుస్తకం ఐడియా నిజం, నాకు అలాగే నమ్మకం కుదిరింది.

అవిలాల_కుర్రోడు
అందరూ ఏదేదో చెప్తున్నారు, అసలు కారణం ఫోన్లు. అన్నం తినిపించడానికి ఫోన్ ఇస్తారు, తర్వాత ఆటిజం అంటారు. మా అవ్వ కాలంలో ఇవన్నీ ఉన్నాయా?

స్పీచ్_సుధ
@అవిలాల_కుర్రోడు ఫోన్ వల్ల ఆటిజం రాదు తమ్ముడూ. అది మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా. నీ మాట చదివి ఎంతమంది తల్లులు రాత్రి నిద్రపోకుండా తమని తామే తిట్టుకుంటారో ఆలోచించు. ఫోన్ తగ్గించాలన్నది మాత్రం నిజం. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించొద్దని, అంతకన్నా చిన్నవాళ్లకి అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ ఆగదు. నువ్వు చూసినా చూడకపోయినా బొమ్మలు కదులుతూనే ఉంటాయి. బుడగల టీచర్ ఆగుతుంది. పిల్లాడు చూస్తేనే ఆట సాగుతుంది. మాట పుట్టేది ఆ ఆగిన చోటే.

మీ అవ్వ కాలంలో కూడా ఉన్నారు. "మూగోడు", "పిచ్చిది" అని పిలిచి మూల కూర్చోబెట్టేవాళ్లు.

అవిలాల_కుర్రోడు
సారీ అక్కా. మా ఊళ్లో అలాంటి ఆయన ఒకాయన ఉన్నాడు నిజమే. గుడి దగ్గర గోడ పట్టుకొని తిరుగుతుంటాడు. ఎప్పుడూ అలా అనుకోలేదు.

వేలూరు_బస్సు
మాది చిత్తూరు. ఇంట్లో తమిళం మాట్లాడతాం. పాపకి మూడేళ్లకీ మాటలు రాకపోతే రెండు భాషలు కలిసి గందరగోళం అయిందన్నారు అందరూ. ఏడాది పాటు ఇంట్లో బలవంతంగా తెలుగే మాట్లాడాం. మా అమ్మకి తెలుగు సరిగా రాదు, ఆమె పాపతో మాట్లాడటమే మానేసింది. చివరికి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకెళ్తే, మీ ఇంటి భాషలోనే మాట్లాడండి, రెండు భాషల వల్ల ఈ సమస్య రాదు అన్నారు. ఆ ఏడాది మా అమ్మ మౌనంగా పాప జుట్టు దువ్వడం నాకు గుర్తొస్తూ ఉంటుంది.

స్పీచ్_సుధ
ఇది చిత్తూరు, నగరి, పలమనేరు వాళ్లందరూ చదవాలి. తమిళం, తెలుగు, ఉర్దూ, కన్నడం, ఏదైనా సరే అమ్మ నోట సహజంగా వచ్చే భాషే మందు.

నగరి_పిల్ల
మా ఇంట్లో అయితే మూడు భాషలూ ఒకే వాక్యంలో వస్తాయి, పిల్లలు చక్కగా మూడింట్లోనూ తిడతారు.

శెట్టిపల్లె_కోడలు
మాకు ఇంట్లో పెద్దవాళ్లు "వాళ్ల మేనమామ కూడా ఐదేళ్లకే మాట్లాడాడు, ఆగు" అన్నారు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాం. కాణిపాకం మొక్కు తీర్చాం. ఇలా ఏడాదిన్నర పోయింది. టీచర్లు మాలాంటి వాళ్ల మీద కోప్పడతారా?

భవిత_అక్క
కోపం ఎందుకమ్మా. నేనూ కాణిపాకం స్వామికి మొక్కుకున్నదాన్నే. పూజ చేయించండి, పక్కనే పరీక్షా చేయించండి. ఒకదానికొకటి అడ్డం కాదు. పదహారు నెలల నుంచి ముప్పై నెలల పిల్లలకి ఎంచాట్ అని ఇరవై ప్రశ్నలుంటాయి, అవును కాదు అని జవాబు. వేలితో చూపిస్తాడా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా, ఇలాంటివి. అది జబ్బు నిర్ధారణ కాదు, డాక్టర్ దగ్గరికి పోవాలా అని చెప్పేది. అనుమానం వచ్చిన రోజే వెళ్లడం, అంతే.

అంగన్‌వాడీ_టీచర్
నా మాట కూడా వినండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇంట్లోంచి మొదట వచ్చేది మా దగ్గరికే. పిల్లల ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లల్ని చూస్తుంది. అనుమానం ఉంటే జిల్లా ప్రారంభ చికిత్సా కేంద్రానికి, అదే డీఈఐసీకి రాస్తారు. అక్కడ ఖర్చు ఉండదు. 2023 నవంబరులో దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ అని కేంద్రం తెచ్చింది, వాళ్లనీ మిగతా పిల్లలతో కలిపి కూర్చోబెట్టమని.

నా దగ్గర ఒక పాప ఉంది, డౌన్ సిండ్రోమ్. ఆయమ్మ, నేను ఇద్దరమే, పద్దెనిమిది మంది పిల్లలు. పాప గుడ్డు తినడానికి అరగంట పడుతుంది. మొదట్లో నేనే తినిపించేసేదాన్ని, త్వరగా అయిపోతుందని. ఒకరోజు పక్కన కూర్చునే బుడ్డోడు "టీచర్, అది తింటుంది, నువ్వు ఆగు" అన్నాడు. నాలుగేళ్లోడు! అప్పట్నుంచి ఆగుతున్నాను. మాకు సరైన శిక్షణ ఇచ్చి, నెలకి ఒకసారి సబ్బుబుడగ లాంటి టీచర్ వచ్చి చూపిస్తే ఎంత బాగుంటుంది.

సబ్బుబుడగ
మీ సెంటర్ తిరుపతి దగ్గరైతే ఒక ఆదివారం నేను వస్తాను అక్కా. డబ్బులు వద్దు.

అంగన్‌వాడీ_టీచర్
ఆదివారం సెలవు తల్లీ, శనివారం రా. గుడ్డు పెడతాను.

తాతయ్యగుంట_గీత
నేనూ స్పెషల్ టీచర్‌నే, తొమ్మిదేళ్లుగా చిన్నపిల్లలతోనే. ఏబీసీడీల గొడవలో ఒకటి మరిచిపోతున్నాం. ఈ వయసులో మనం నేర్పాల్సింది ఆ బిడ్డ మన ఊళ్లో బతకడం.

మాది తిరుపతి గంగమ్మ గుడి దగ్గర. జాతర వారం వస్తే మా వీధి అంతా డప్పులు, వేషాలు. బైరాగి వేషానికి ఒళ్లంతా నామం కొమ్ముతో (తెల్లసుద్దతో) తెల్లగా, బండ వేషానికి కుంకుమతో ఎర్రగా. మా సెంటర్‌లో ఐదేళ్ల బాబు, వాళ్ల ఇల్లూ అక్కడే. అంతకుముందు ఏడాది డప్పు వినగానే మంచం కిందకి దూరి, ఒంటికి రెంటికి కూడా బయటికి రాలేదట. వాళ్లమ్మ జాతర వారం పుట్టింటికి పారిపోయేది.

జాతరకి రెండు నెలల ముందే మొదలుపెట్టాను. ముందు ఫోన్‌లో డప్పు చప్పుడు, వినీ వినపడనంత. రోజుకి కాస్త పెంచుతూ. చెవులకి పెట్టుకునే మూతలు ఒకటి కొన్నాం, వాడికి నచ్చినప్పుడు వాడే పెట్టుకునేలా నేర్పాం. తర్వాత వేషాల ఫోటోలు వరుసగా అంటించి చిన్న పుస్తకం చేశాను. మొదటి పేజీలో మామూలు మనిషి చొక్కాతో, రెండో పేజీలో ముఖానికి రంగు పూసుకుంటూ, మూడో పేజీలో వేషంతో, నాలుగో పేజీలో కడుక్కొని మళ్లీ చొక్కాతో. ఆ నాలుగో పేజీ వాడికి ముఖ్యం. మనిషి మళ్లీ వెనక్కి వస్తాడని తెలియాలి కదా. ఆఖరికి నా ముక్కు మీద వాడి చేతే తెల్లగా పూయించుకున్నాను. పూశాడు, చూశాడు, గబుక్కున తుడిచేశాడు. పదిసార్లు పూసి పదిసార్లు తుడిచాడు.

జాతర రోజు చెవులకి మూతలు పెట్టుకొని మిద్దె మీద నిలబడి చూశాడు. పదకొండు నిమిషాలు. తర్వాత "ఇంట్లో" అన్నాడు. లోపలికి తీసుకుపోయారు. వాళ్లమ్మ పెళ్లయ్యాక మొదటిసారి అమ్మవారికి పొంగళ్లు అక్కడే పెట్టుకుంది. నాకు ప్రసాదం తెచ్చిచ్చి ఏం మాట్లాడలేకపోయింది.

నగరి_పిల్ల
నాలుగో పేజీ. అబ్బా.

పలమనేరు_అమ్మ
అక్కా మీలాంటి వాళ్లు ఈ పనిలోంచి వెళ్లిపోతే మేమేం కావాలి. కానీ పద్నాలుగు వేలకి ఉండమని అడిగే ముఖం నాకు లేదు.

డీఎస్సీ_రూమ్‌మేట్
నేను కోరేదీ అదే. పనిని మెచ్చుకోవడం వేరు, ఆ పని చేసేవాళ్లు బతికేలా చూడటం వేరు. ఆరేళ్ల లోపు పిల్లలకి కూడా పోస్టులు అడగాలి మనం. మండలానికొక భవిత సెంటర్ ఉంది, అందులోనే ఒక చిన్నపిల్లల టీచర్‌ని వేస్తే చాలు.

భవిత_అక్క
ఈ మాట కలెక్టర్ ఆఫీసులో సోమవారం గ్రీవెన్స్‌లో తల్లులు వెళ్లి చెప్పాలి. నేను చెప్తే టీచర్ ఉద్యోగం అడుగుతోంది అంటారు, మీరు చెప్తే బిడ్డ కోసం అడుగుతున్నారు అంటారు.

శెట్టిపల్లె_కోడలు
నేను వస్తాను.

పలమనేరు_అమ్మ
మాది చిత్తూరు జిల్లా, మా కలెక్టరేట్‌లో నేనిస్తాను అర్జీ. ఎలా రాయాలో @ఎస్వీయూ_లా_పాత_విద్యార్థి చెప్పండి.

ఎస్వీయూ_లా_పాత_విద్యార్థి
తెలుగులోనే రాయండి, ఒక పేజీ మించకుండా. బిడ్డ వయసు, మీ మండలం, దగ్గర్లో సేవ లేక ఎంత దూరం పోతున్నారు, బస్సు ఖర్చు ఎంత. చట్టం సెక్షన్లు నేను కింద రెండు లైన్లు చేరుస్తాను. మెసేజ్ చేయండి.

చిన్నోడి_నాన్న
పనిలో పని, కొత్త తల్లిదండ్రులకి. యూడీఐడీ, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు కోసం ఐదేళ్ల దాకా ఆగొద్దు. మానసిక ఎదుగుదల వెనకబడితే ఐదేళ్ల లోపు జీడీడీ (ఎదుగుదల ఆలస్యం) అని తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, తర్వాత మళ్లీ చూస్తారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి. థెరపీ బిల్లులు కూడా కొంత వస్తాయి. రెండేళ్లు తెలియక పోగొట్టుకున్నాను నేను.

రేణిగుంట_రైలు
టాయిలెట్ ట్రైనింగ్ గురించి అడగొచ్చా? సెంటర్‌లో చక్కగా వెళ్తాడు, ఇంట్లో నిక్కరు తడుపుతాడు. మావాడు కావాలనే చేస్తున్నాడా?

తాతయ్యగుంట_గీత
సెంటర్‌లో వెస్ట్రన్, ఇంట్లో మామూలుదా?

రేణిగుంట_రైలు
అవును అక్కా!! ఎలా తెలిసింది?

తాతయ్యగుంట_గీత
ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు ఇలాగే వస్తారు. వాడి లెక్కలో అవి రెండూ వేరే వేరే వస్తువులు. కావాలని చేయడం లేదు. టీచర్‌కి చెప్పి ఇంట్లో ఉన్నలాంటి దాని మీదే అక్కడా నేర్పమను. ఇంట్లో అరగంటకోసారి తీసుకెళ్లు, తడిపాక తిట్టకు, పొడిగా ఉన్నప్పుడు మెచ్చుకో.

సబ్బుబుడగ
రెండు వారాలైంది, అప్‌డేట్ రాస్తానని అనుకుంటూనే ఉన్నాను.

భవిత అక్క చెప్పినట్టే చేశాను. సెంటర్ మేడమ్‌ని బతిమాలి అమ్మని లోపలికి రానిచ్చాను. ముందుగా జూన్ గురించి నేనే అడిగాను. "స్కూల్లో వద్దంటారేమో అని భయమా?" అన్నాను, అంతే, ఆమె ఏడ్చేసింది. పలమనేరు అక్క మాట వినకపోయి ఉంటే నేను ఆ ప్రశ్న అడిగేదాన్ని కాదు. చిన్నోడి నాన్న అన్న చెవి సంగతి కూడా చెప్పాను. వాళ్లాయన లేచి బయటికెళ్లి కాసేపు నిలబడి వచ్చాడు.

సీసా అమ్మకి ఇచ్చాను. నాలుగు రోజులు ఏమీ జరగలేదు. ఆమె ఊదితే వాడు నా వైపు వచ్చి నా చెయ్యి లాగుతాడు. ఆమె ముఖం చూడలేకపోయాను. ఐదో రోజు కూడా లేదు.

ఆ శనివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్. ఆమె గొంతు వణుకుతోంది. ఇంట్లో నాయనమ్మ మురుకులు చేసిందట. వాడికి ప్రాణం. అమ్మ ఒక ముక్క విరిచి ఇచ్చి, రెండోది విరిచి ఇచ్చి, మూడోది చేతిలో పట్టుకొని ఆగిందట. తనంతట తనే, నేను చెప్పలేదు. నాయనమ్మ "పాపం ఇచ్చెయ్యవే" అంటోందట. ఈమె లెక్కపెడుతోందట. తొమ్మిది దగ్గర వాడు అమ్మ ముఖం చూసి "బ్" అన్నాడు. "మురుకు అనలేదు మేడమ్, బ్ అన్నాడు. ఇచ్చేయమంటారా?" అని అడిగింది. వెనక వాడు ఏడుస్తున్నాడు.

"ఇచ్చేయండి ఇచ్చేయండి" అని అరిచాను. మా ఇంట్లో అందరూ లేచారు.

స్పీచ్_సుధ
కరెక్ట్. వాడికి ఇప్పుడు "బ్" అంటే "ఇవ్వు". ఏదంటే అది ఇచ్చేయాలి. ఇస్తూ వాళ్లే "మురుకు" అనాలి, వాడిని అనమని అడగొద్దు. మ శబ్దం కూడా పెదాలదే, బ్ పక్కనే ఉంటుంది. చూస్తూ ఉండు.

చిన్నోడి_నాన్న
ఆ అమ్మకి నా నమస్కారం చెప్పమ్మా.

కుప్పం_మాస్టారు
మరి జూన్ సంగతి? డీఎస్సీ సంగతి?

సబ్బుబుడగ
జూన్‌లో ఎల్‌కేజీ వద్దనుకున్నారు సార్. ఈ ఏడాది పొద్దున వాళ్ల వీధి అంగన్‌వాడీకి, సాయంత్రం నా దగ్గరికి. స్లేటు మీద తడిగుడ్డ గీత నిలువుగా వస్తోంది, అడ్డంగా ఇంకా రాలేదు.

టెట్ పుస్తకాలు కొన్నాను. నోటిఫికేషన్ వస్తే రాస్తాను, ఇంట్లో అప్పులున్నాయి, రాయకుండా ఉండలేను. ఈలోపు మేడమ్‌ని జీతం పెంచమని అడిగాను. రెండు వేలు పెంచారు. శెట్టిపల్లె అక్కతో సోమవారం కలెక్టరేట్‌కి నేనూ వెళ్తున్నాను, పని మానుకొని.

భవిత_అక్క
వెళ్లు. నోటు పుస్తకం కూడా తీసుకుపో, ఆ ఇరవైలో ఎన్ని అన్నది చూపించు.

రేణిగుంట_రైలు
గీత అక్కా, ఆ చెవుల మూతలు ఎక్కడ కొన్నారు? మావాడికి మిక్సీ చప్పుడంటే పడదు.

తాతయ్యగుంట_గీత
ఫ్యాక్టరీల్లో పనివాళ్లు పెట్టుకునేవి, సేఫ్టీ సామాన్లు అమ్మే షాపులో. పెద్దవాళ్ల సైజు పిల్లల తలకి వదులవుతుంది, నడినెత్తి దగ్గర లోపల మెత్తటి గుడ్డ కుట్టు. మొదటి రోజు మిక్సీ వేయకు, ఊరికే పెట్టుకొని ఆడుకోనివ్వు.